పొగమంచు కమ్మిన రాత్రి మన వాడను ఫొటో తీయడం

వరంగల్‌లో హిమపాతం ఉండదు కనుక, రాత్రికి రాత్రే వాడ రూపు మారిపోవడాన్ని కెమెరాలో పట్టుకోవాలనుకునేవారు డిసెంబరు, జనవరి నెలల పొగమంచు కోసం కాచుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన రాత్రుల్లో నేల వేడిని త్వరగా కోల్పోవడం వల్ల దానిని ఆనుకున్న తేమగాలి చల్లబడి సన్నని నీటి తుంపరగా మారుతుంది. భద్రకాళి, వడ్డేపల్లి వంటి చెరువుల పక్కన అది చిక్కగా పట్టే అవకాశం ఎక్కువ. రాత్రి మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా నిశ్చింతగా నిద్రపోవచ్చు. లేదంటే ఇగాన్ని ఓర్చుకుని నాలుగు గంటలకే లేవాలి.

మంచులో నిజంగా ఫొటో తీసేది వెలుతురునే. నీటి బిందువులు తమపై పడిన కాంతిలో అధిక భాగాన్ని అది సాగే దిశలోనే చెదరగొడతాయి. అందువల్ల వీధిదీపం మన వీపు వెనుక ఉంటే ఎదురుగా బూడిదరంగు గోడ మాత్రమే కనిపిస్తుంది, దీపానికి ఎదురుగా నిలబడితే గాలి అంతా వెలుగుతుంది. ఆ దీపాన్ని వేపచెట్టు మొదలు చాటుకు వచ్చేలా రెండడుగులు పక్కకు జరిగితే, కొమ్మల సందుల్లోంచి కిరణాలు విడివిడిగా పరుచుకుంటాయి. ఈ రెండడుగుల విలువ ఖరీదైన లెన్స్‌కు కూడా లేదని నా అభిప్రాయం. ఫ్లాష్‌ను మాత్రం ఆపివేయాలి. దాని వెలుగు దగ్గరి బిందువులకు తగిలి తిరిగివచ్చి, చిత్రాన్ని తెల్లని మచ్చలతో నింపుతుంది.

కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, అమరికలన్నీ మనమే ఎంచుకునే మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 400, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు) ఎఫ్ 5.6, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 4 సెకన్లతో మొదలుపెట్టి, దీపం చుట్టూ తెలుపు మరీ విస్తరిస్తే షట్టర్ సమయాన్ని తగ్గించాలి. వేలి తాకిడికి కెమెరా కదలకుండా 2 సెకన్ల టైమర్ వాడాలి. మంచులో ఆటోఫోకస్‌కు పట్టు దొరకదు కనుక, స్తంభం అంచును తెరపై పెద్దది చేసి చూస్తూ చేతితో ఫోకస్ చేయాలి. కెమెరా పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫార్మాట్‌లో తీస్తే పసుపు సోడియం దీపాల, తెల్ల ఎల్ఈడీల రంగులను తరువాత సరిచేసుకోవచ్చు. అయితే ఆ పసుపును పూర్తిగా తుడిచివేస్తే చలి రాత్రి కళ పోతుంది. ఫోన్ వాడేవారు దానిని ప్రహరీ గోడకు ఆనించి నైట్ మోడ్‌లో తీస్తే చాలు.

ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి ముగ్గు వేసేవారు ఆ మసక వెలుతురులో చక్కని నీడచిత్రాలవుతారు, కానీ అనుమతి అడగకుండా తీయరాదు. రోడ్డు మధ్యలో ట్రైపాడ్ నిలపరాదు. మంచులో ఆటోవాలాకు మనం కనిపించేసరికే ఆలస్యమవుతుంది.

బయట ఉన్నంతసేపు లెన్స్‌పై తేమ పేరుకుంటుంది కనుక, ప్రతి నాలుగైదు ఫొటోలకు మెత్తని పొడిగుడ్డతో అద్దాలి. ఇంట్లోకి వచ్చే ముందే కెమెరాను జిప్ సంచిలో మూసివేసి, అరగంట తరువాత, అది గది వెచ్చదనానికి అలవాటుపడ్డాకే బయటకు తీయాలి.