ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ రాద్దాం – మూడో పాఠం: మన సిస్టమ్ ఎక్కడిదాకా?

పోయిన పాఠంలో ఎవరికేం కావాలో రాసుకున్నాం కదా, ఆ కాగితం పక్కనే పెట్టుకోండి. ఈసారి గీత గీయాలి. గీతకి ఇటు మనది, అటు మనది కాదు.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు ఏ గల్లీలోకి వెళ్లినా హాస్టళ్లే. అలాంటి ఒక హాస్టల్‌కి సాఫ్ట్‌వేర్ చేస్తున్నామనుకుందాం: అద్దె వసూలు, బెడ్ల కేటాయింపు, రేపు మెస్‌లో ఎంతమంది తింటారన్న లెక్క.

పేజీ మధ్యలో ఒకే ఒక్క డబ్బా గీసి 'హాస్టల్ సిస్టమ్' అని రాయండి. లోపల ఏమీ గీయొద్దు. డేటాబేస్, సర్వర్, యాప్ అన్నీ గీసేయాలని చెయ్యి లాగుతుంది, ఆగండి, వాటి పాఠం వాటికుంది. డబ్బా చుట్టూ ముందు మనుషులు: హాస్టల్లో ఉండేవాళ్లు, వార్డెన్, ఓనరు. తర్వాత ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వే, ఎస్సెమ్మెస్‌లు పంపే కంపెనీ, గేటు దగ్గరి వేలిముద్ర మెషిన్. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఆడిటర్‌ని మర్చిపోతారు. ప్రతి నెలా ఓనరు మన సిస్టమ్‌లోంచి ఎక్సెల్ ఫైల్ తీసి ఆయనకి వాట్సాప్‌లో పంపుతాడు, అదీ ఇంటర్‌ఫేసే, అంటే మన సిస్టమ్ బయటివాళ్లతో కలిసే చోటే. ఏపీఐ (ప్రోగ్రామ్‌లు నేరుగా మాట్లాడుకునే దారి) లేదు కదా అని వదిలేస్తే, మీరు ఆ ఫైల్లో ఒక కాలమ్ అటూ ఇటూ జరిపిన రోజున ఆయన లెక్కలన్నీ తప్పుతాయి, మీ లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్రర్ కూడా కనపడదు.

ఏది లోపల, ఏది బయట అని తేలకపోతే ఒక్కటే అడగండి: దీన్ని మార్చే అధికారం మనకుందా? మన డేటాబేస్ ఎవరి క్లౌడ్‌లో నడుస్తున్నా దాని రూపం మన ఇష్టం, కాబట్టి లోపలే. వేలిముద్ర మెషిన్ ఓనరు డబ్బులతో కొన్నదే అయినా అందులోని సాఫ్ట్‌వేర్‌ని మనం ముట్టుకోలేం, అది బయటే.

ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ల కోసం గెర్నాట్ స్టార్కే, పీటర్ హ్రుష్కా తయారుచేసిన ఆర్క్42 మూసలో 12 భాగాలుంటే మూడోది పూర్తిగా ఈ గీతకే. అందులో వ్యాపార సందర్భం, సాంకేతిక సందర్భం అని రెండుగా రాయమంటారు. 'అద్దె కట్టినట్టు సమాచారం వస్తుంది' అన్నది మొదటిది, ఓనరుకి కూడా అర్థమవ్వాలి. అదే సమాచారం హెచ్‌టీటీపీఎస్ మీద వెబ్‌హుక్‌గా (గేట్‌వే తనంతట తానే మన సిస్టమ్‌కి పంపే కబురుగా), డిజిటల్ సంతకంతో, జేసన్ అనే డేటా రూపంలో వస్తుందన్నది రెండోది. సాఫ్ట్‌వేర్‌ని బొమ్మల్లో చూపించే సైమన్ బ్రౌన్ సీ4 పద్ధతిలోనూ నాలుగు మెట్లలో మొదటిది ఈ బొమ్మే. ఏది వాడినా పర్లేదు గానీ రెండు రకాల మాటల్నీ ఒకే బాణం మీద కుక్కితే ఓనరుకీ అర్థం కాదు, డెవలపర్‌కీ పనికిరాదు.

ఇక అసలు పని బాణాల దగ్గరే ఉంది. బాణం గీసి 'పేమెంట్' అని రాస్తే ఏమీ చెప్పినట్టు కాదు. ముందు ఎవరు మాట్లాడతారు, ఏం పంపుతారు, అవతలివాళ్లు పలకకపోతే మనమేం చేస్తాం, ఇవి రాయాలి. పేమెంట్ సంగతే చూడండి. యూపీఐలో డబ్బు కట్ అయి 'పెండింగ్' అని చూపించడం మనందరికీ తెలిసిందే. వెబ్‌హుక్ ఆలస్యంగా రావచ్చు, ఒకే కబురు రెండుసార్లు కూడా రావచ్చు. కాబట్టి డాక్యుమెంట్‌లో ఇలా రాయండి: 'లావాదేవీ నంబరు ఇదివరకే నమోదై ఉంటే రెండో కబురుని లెక్కలోకి తీసుకోం. కబురు రాకపోతే మనమే గేట్‌వేని స్థితి అడుగుతాం. తేలేదాకా అద్దె బాకీ అని చూపించం, "పరిశీలనలో ఉంది" అంటాం.' ఆ చివరి వాక్యం లేకపోతే, డబ్బు కట్టేసిన కుర్రాడిని వార్డెన్ అందరి ముందూ నిలదీస్తాడు.

ఎస్సెమ్మెస్‌ది ఇంకో రకం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద పంపేవారి పేరూ, మెసేజ్ టెంప్లేటూ డీఎల్‌టీలో (టెలికాం ఆపరేటర్లు నడిపే నమోదు వేదికలో) ముందే నమోదు చేయించాలి. అద్దె గుర్తుచేసే మెసేజ్‌లో నమోదైన మాటని మీరు కోడ్‌లో మార్చేస్తే టెలికాం ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. కోడ్‌లో ఎక్కడా కనపడని కట్టుబాటు ఇది, డాక్యుమెంట్‌లో లేకపోతే కొత్తగా చేరినవాళ్లకి తెలిసే దారే లేదు. టెంప్లేట్ ఎవరి పేరు మీద నమోదైంది, మార్పు కావాలంటే ఎవరిని అడగాలి అన్నవీ అక్కడే రాసేయండి.

వచ్చే పాఠంలోపు మీ ఆఫీసు సిస్టమ్‌కి ఈ బొమ్మ గీయండి. అన్ని బాణాలూ పూర్తిచేయక్కర్లేదు, ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేది ఒక్కటి తీసుకుని దాని గురించి పైన చెప్పినవన్నీ రాయండి. రాశాక ఆపరేషన్స్‌లో ఉన్నవాళ్లకి చూపించి 'ఇందులో ఎవరు లేరు?' అని అడగండి. వాళ్లు చెప్పిన పేర్లు కలిపాకే డబ్బా లోపలికి వెళ్దాం.