ఎండలు ముదరకముందే పాలు, పెరుగు, చల్ల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మార్చి నెలాఖరుకే వరంగల్, పరకాల, నర్సంపేట దిక్కు పొద్దున పిండిన పాలు కాచకుండా ఉంచితే మధ్యాహ్నానికి విరుగుతాయి. రోహిణి కార్తె నాటికి రామగుండం, పెద్దపల్లి, భూపాలపల్లిలో పగటి వేడి 45 డిగ్రీలు తాకడం కొత్తేమీ కాదు. రాత్రిపూట వంటింట్లో కూడా 34, 35 డిగ్రీలు ఉంటుంది. పాలలో చేరే చాలా బ్యాక్టీరియాకు సరిగ్గా ఈ వేడే కావాలి. అరగంటకోసారి రెట్టింపైతే, ఒక మిల్లీలీటరులో వెయ్యి ఉన్నవి ఐదు గంటల్లో పది లక్షలు దాటుతాయి.

ఎండాకాలం అనగానే అందరూ పులుపు గురించే ఆలోచిస్తారు. పులిసిన పెరుగు నోటికి బాగుండదు కానీ దానివల్ల ప్రాణానికి వచ్చే ముప్పు తక్కువ. అసలు జాగ్రత్తపడాల్సింది పాలు కాగి చల్లారడం మొదలైనప్పటి నుంచి పెరుగులో పులుపు నిలిచేదాకా గడిచే నాలుగైదు గంటల్లో. ఆ గంటల్లో తోడులోని బ్యాక్టీరియా ముందు పెరిగితే మిగతావి అణిగిపోతాయి. అది వెనకబడితే చెడ్డవి పెరుగుతాయి, అప్పుడు పెరుగు చూడ్డానికి బాగానే ఉన్నా కడుపును వదలదు. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ వ్యవధిని కాపాడుకోవడానికే.

తాజా పాల పీహెచ్, అంటే పులుపును చెప్పే కొలత, 6.6 నుంచి 6.8 దాకా ఉంటుంది. ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. తోడులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 4.6కు దిగేసరికి పాల ప్రోటీన్ కేసీన్ గడ్డకడుతుంది. మనం పెరుగు తోడుకుంది అనేది దీన్నే. చాలా రోగక్రిములు ఆ పులుపులో పెరగలేవు. కానీ పెరగలేకపోవడం వేరు, చావడం వేరు. పచ్చిపాలతో తోడేసిన పెరుగులో ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియాలో కొన్ని రకాలు రోజుల తరబడి బతికే ఉండగలవు. కాబట్టి పులుపును నమ్ముకుని కాచడం మానొద్దు.

పితికే దగ్గర

కొట్టం దగ్గర జరిగిన తప్పును వంటింట్లో పూర్తిగా సరిచేయలేం. పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడవాలి. తడి పొదుగును పితికితే ఆ తడి మురికితో సహా పాలలోకి జారుతుంది. ప్రతి చనునుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లని గిన్నెలోకి తీసి చూడండి. పెరుగు ముక్కల్లా, నూలు పోగుల్లా ఏమైనా కనిపిస్తే పొదుగువాపు ఉన్నట్టే. ఆ పాలను మిగతావాటిలో కలపొద్దు. ఆ మొదటి ధారలను నేలమీద కూడా పారబోయొద్దు, ఈగలు వాలి పక్క బర్రెకు అంటిస్తాయి. పితికిన తరువాత బర్రె అరగంట దాకా పడుకోకుండా ముందు మేత వేయాలి. అంతసేపూ చనురంధ్రం తెరుచుకునే ఉంటుంది, పెండలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి.

పొదుగువాపుకు యాంటీబయోటిక్ ఇచ్చిన బర్రె పాలను మందు డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా పాల సేకరణ కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో కూడా వాడొద్దు. తోడు బ్యాక్టీరియాలో ముఖ్యమైన స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్ పెన్సిలిన్ లాంటి మందులకు చాలా తొందరగా లొంగిపోతుంది. ఒక్క బర్రె పాలు కలిసినా క్యానంతటి పాలూ తోడుకోకపోవచ్చు. మంచి తోడు వేసినా ఫలానా ఇంటి పాలు తోడుకోవడం లేదంటే మొదట అడగాల్సింది బర్రెకు సూది వేయించారా అనే. అనుమానం తీరాలంటే అదే తోడును అదే వేడిలో మరో ఇంటి పాలలో వేసి చూడండి. ఇవి తోడుకుని అవి తోడుకోకపోతే లోపం తోడుది కాదు.

తాజా పాలలో సహజంగా ఉండే లాక్టోపెరాక్సిడేజ్ వంటి పదార్థాలు కొంతసేపు బ్యాక్టీరియాను ఆపుతాయి. మామూలు వేడిలోనే ఆ రక్షణ రెండు మూడు గంటలు, మే నెల వేడిలో అంతకంటే తక్కువ. ఆలోపే పాలు కేంద్రంలోని శీతలీకరణ ట్యాంకుకు చేరి 4 డిగ్రీలకు దిగాలి. ఆలస్యమైన పాలు విరగకుండా తినే సోడా వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కల్తీయే. సోడా పులుపును కప్పిపుచ్చుతుంది తప్ప బ్యాక్టీరియాను తగ్గించదు, పైగా ఆమ్లం అడ్డు తొలగిపోయేసరికి అవి మరింత పెరుగుతాయి.

కాచడం, చల్లార్చడం

పాలు ఒక పొంగు రాగానే దించేస్తే సరిపోదు. నురుగు పైకి వచ్చేసరికి పాలన్నీ ఇంకా సమంగా మరిగి ఉండవు. పొంగాక మంట తగ్గించి, గరిటతో కలుపుతూ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి. ఈ వేడికి టైఫాయిడ్, క్షయ, బ్రూసెల్లా క్రిములు నిలవవు. పెరుగు గట్టిగా తోడుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది, ఎందుకంటే పాలలోని ఇతర ప్రోటీన్లు వేడికి విచ్చుకుని కేసీన్‌ను పట్టుకుంటాయి. ఈసుకుపోయిన, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయిన బర్రె ఉన్న ఇంట్లో పచ్చిపాలు అసలే ముట్టొద్దు. అది బ్రూసెల్లోసిస్ అయితే మనిషికి వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు పట్టుకుంటాయి. మావిని వట్టి చేతులతో తీయడం కూడా అంతే ప్రమాదం. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో బ్రూసెల్లోసిస్ టీకా వేయించండి.

ఎంత కాచినా చావనివి బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు. పాలు నెమ్మదిగా చల్లారుతుంటే అవి మొలకెత్తుతాయి. మే నెలలో రెండు లీటర్ల సర్వను మూతపెట్టి పొయ్యి పక్కన వదిలేస్తే గంటల తరబడి వేడిగానే ఉంటుంది. వెడల్పాటి తొట్టిలో చల్లని నీళ్లు పోసి సర్వను అందులో పెట్టండి, పాలను కలుపుతూ నీళ్లు రెండుసార్లు మార్చండి. ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో గోరువెచ్చగా అవుతాయి. ఎండాకాలంలో చేయదగ్గ ఒక్క మార్పు ఏదని అడిగితే మేం చెప్పేది ఇదే.

తోడు పెట్టడం

ఎండాకాలం తోడు తగ్గించాలని మన ఇళ్లల్లో అందరూ చెప్పేదే. పులుపు తగ్గడానికి అది పనిచేస్తుంది కూడా. కానీ మరీ చుక్క తోడు వేస్తే పెరుగు బ్యాక్టీరియా ఆలస్యంగా అందుకుంటుంది, ఆ ఆలస్యంలోనే చెడ్డవాటికి సందు దొరుకుతుంది. అందుకే తోడు కంటే సమయం తగ్గించడం మంచిది. లీటరు పాలకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల తోడు చాలు. దాన్ని ముందు కొద్ది పాలలో గడ్డలు లేకుండా చిలికి తరువాత మొత్తంలో కలపండి. పాల వేడి 36 నుంచి 38 డిగ్రీలు ఉండాలి. శుభ్రమైన చెంచాతో ఒక చుక్క ముంజేతి లోపలివైపు వేసుకుంటే వేడీ చలవా తెలియకూడదు. చలికాలంలో వేసినట్టు 42, 43 డిగ్రీల దగ్గర వేస్తే చుట్టూ ఉన్న వేడికి తోడై తొందరగా పులుస్తుంది. 50 దాటిన పాలలో వేస్తే తోడులో కొన్ని రకాలు దెబ్బతింటాయి.

పులుపు ఎందుకు పెరుగుతుందో తెలిస్తే చేయాల్సింది సులభంగా అర్థమవుతుంది. మన ఇంటి తోడులో రెండు జట్లుంటాయి. లాక్టోకోకస్ వంటివి 22 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా పెరిగి కమ్మని వాసననిస్తాయి. స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనేవి 40, 45 దగ్గర చురుగ్గా ఉంటాయి. మే నెలలో మొదటి జట్టు వెనకబడి రెండోది ముందుకొస్తుంది. అందులోనూ మొదట థర్మోఫిలస్ పెరిగి పులుపు మొదలుపెడుతుంది, తరువాత బల్గారికస్ అందుకుంటుంది. పెరుగు గడ్డకట్టాక కూడా ఆమ్లం చేస్తూనే పోయేది ఈ బల్గారికస్సే. పెరుగు తోడుకోగానే చల్లబరచాలనడం దీన్ని ఆపడానికే.

అందువల్ల రాత్రి తొమ్మిదికి తోడేసి పొద్దున ఆరింటికి చూసే అలవాటు ఎండాకాలంలో పనికిరాదు. తొమ్మిది గంటల్లో పెరుగు పులిసి నీళ్లు వదులుతుంది. సాయంత్రం పాలను కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున ఐదింటికి మళ్లీ ఒక పొంగు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడేస్తే పదిన్నరకల్లా పెరుగు సిద్ధం. నాలుగు గంటలు గడిచాక గిన్నెను కొద్దిగా వంచి చూడండి. పెరుగు అంచు ఒక్క ముక్కలా కదిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. మధ్యలో గిన్నెను కదిపితే, గరిట పెట్టి చూస్తే నీళ్లు తేలుతాయి.

ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టి కుండను తడి ఇసుకలో కూర్చోబెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టి గాలి ఆడే చోట ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఆవిరై కుండ బాగా చల్లబడుతుంది. మృగశిర దాటి గాలిలో తేమ పెరిగాక ఇది అంతగా పనిచేయదు, పెరుగును అదేరోజు ముగించాలి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పెరుగు, చల్ల ఉంచొద్దు. పులుపుకు రాగి కరిగి వాంతులవుతాయి.

తోడు కోసం ఆ రోజు పెరుగునే, పులవకముందే, మధ్యలోంచి తీసి చిన్న గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. రెండు మూడు రోజులకు మించి పాతది వాడొద్దు. బాగా పులిసినదాంట్లో బల్గారికస్ పైచేయి అయి ఉంటుంది, దానితో వేసిన పెరుగూ తొందరగా పులుస్తుంది. కొంచెం తోడును ఐసు ట్రేలో గడ్డకట్టించి దాచుకుంటే ఇంట్లో తోడు చెడినప్పుడు అక్కరకొస్తుంది. మిరపకాయ తొడిమెతో తోడుకుంటుందన్నది అబద్ధం కాదు, తొడిమె మీద లాక్టిక్ బ్యాక్టీరియా ఉండొచ్చు. కానీ ఇంకేమేం ఉన్నాయో చెప్పలేం, పైగా తోడుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఈ కాలంలో ఆ పని వద్దు.

తోడు ఉన్నట్టుండి బలహీనపడటానికి వేడి, మందులే కాదు, బ్యాక్టీరియాను తినే వైరస్ కూడా కారణం కావచ్చు. దాన్ని ఫేజ్ అంటారు. 1935లో న్యూజిలాండ్ పరిశోధకులు వైట్‌హెడ్, కాక్స్ పాల తోడుల్లో దీన్ని గుర్తించారు. అప్పటి నుంచీ డెయిరీలు తోడు రకాలను మార్చి మార్చి వాడుతున్నాయి. థర్మోఫిలస్ ఫేజ్ నుంచి ఎలా కాపాడుకుంటుందో 2007లో తేలింది. జన్యువులను సవరించే క్రిస్పర్ పరిజ్ఞానానికి దారిచూపిన పనుల్లో అదొకటి. ఇంటి మట్టుకు చేయగలిగింది, తోడు గిన్నెను ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి ఆరబెట్టడం, ఒకటి రెండుసార్లు పెరుగు పలచబడితే వేరే ఇంటి తోడు తెచ్చుకోవడం.

పెరుగు చూసి తప్పు పట్టుకోవడం

పైన కొద్దిగా నీళ్లు తేలితే ఎక్కువ వేడి, ఎక్కువ సమయం, లేదా కదలిక కారణం. తినొచ్చు. కొద్దిగా జిగటగా తీగ సాగితే కొన్ని రకాల లాక్టిక్ బ్యాక్టీరియా అలా చేస్తాయి, వాసన బాగుంటే భయం లేదు. పెరుగులో బుడగలు, పగుళ్లు, పొంగినట్టుంటే పెంట సంబంధమైన కోలిఫారం బ్యాక్టీరియా గానీ, ఈస్ట్ గానీ చేరాయి. పారబోయండి. చేదుగా ఉంటే ప్రోటీన్ కుళ్లడం మొదలైందన్నమాట. పులుపు లేకుండానే పాలు విరిగితే అది బాసిల్లస్ పని కావచ్చు, ఆ విరుగుడును కూడా తినొద్దు. గులాబీ, పచ్చ, నల్ల మచ్చలు కనిపిస్తే పై పొర తీసేసి కింద తినడం కాదు, మొత్తం పారబోయాలి.

వాసనతో, రంగుతో పట్టుకోలేనిది స్టాఫైలోకోకస్ విషం. వేలి పుండు, ముక్కు, పొదుగువాపు నుంచి ఈ బ్యాక్టీరియా పాలలోకి వస్తుంది. అది పెరిగి విషం వదిలాక మళ్లీ కాచినా ప్రయోజనం లేదు. బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం అరగంట మరిగినా అలాగే ఉంటుంది. గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. అందుకే బయట మరిచిపోయిన పాలను కాచేస్తే ఏం కాదులే అనుకోవద్దు. చేతికి పుండు ఉన్నవాళ్లు పాలు పితకడం, తోడేయడం, పెరుగన్నం కలపడం మానాలి.

పెండ్లిళ్లు, చలివేంద్రాలు

పెండ్లి వంటల్లో ముందు చూసుకోవాల్సింది పెరుగన్నం. బియ్యంలోనూ బాసిల్లస్ సెరియస్ బీజాలుంటాయి, వండినా చావవు. అన్నాన్ని గంజులో రాశిగా వదిలేస్తే నడుమ భాగం గంటల తరబడి వెచ్చగా ఉండి అవి పెరుగుతాయి. వాంతులు తెప్పించే దాని విషం కూడా వేడికి పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్లేలలో రెండు మూడంగుళాల మందాన పరిచి ఆరబెట్టి, వడ్డనకు ముందే పెరుగు కలపండి. పులవకూడదని పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి ముందే కలిపి పెట్టడం ప్రమాదం, కాపాడే పులుపు అందులో లేదు. 32 డిగ్రీలు దాటిన చోట కలిపిన పెరుగన్నం గంటకు మించి బయట ఉండకూడదు.

చలివేంద్రంలో చల్లకు పెరుగు కంటే నీళ్లు, ఐసు, కొత్తిమీరల వల్లనే ఎక్కువ కీడు. ఒకటికి మూడు పాళ్లు నీళ్లు పోస్తే పులుపు పలచబడుతుంది, దాని కాపుదల తగ్గుతుంది. నీళ్లు కాచి చల్లార్చినవి వాడండి, లేదా క్లోరిన్ బిళ్ల డబ్బా మీద రాసిన లెక్కన వేసి అరగంట ఆగండి. చేపలకు వాడే ఐసును చల్లలో వేయొద్దు, గిన్నెను ఐసు మీద పెట్టండి. పచ్చిమిర్చి, కొత్తిమీర, అల్లం మట్టి పోయేదాకా మంచినీళ్లలో కడగండి. రెండు మూడు గంటల్లో అయిపోయేంతే కలపండి, మిగిలినదాన్ని కొత్తదానిలో పోయొద్దు. గ్లాసు ముంచి తీసుకునే పద్ధతి మాని నల్లా ఉన్న డబ్బా పెట్టండి.

గాలివానకు కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకపోతే లోపలి చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది. అంతకుమించితే పాలను పారబోయండి. తోడుకున్న పెరుగైతే వాసన, బుడగలు చూసి ఆ పూటే వాడేయొచ్చు. చల్లదనంలోనూ పెరగగల లిస్టీరియా అనే క్రిమి ఒకటుంది. అది కడుపులోని బిడ్డకు ముప్పు కాబట్టి గర్భిణులు కాచని పాలు, వాటితో చేసిన పనీర్ తినకపోవడమే మంచిది.

ఇన్ని చేసినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగించండి. సగం ప్యాకెట్ అంచనాగా కలపొద్దు. మలంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, పసిపిల్ల మత్తుగా పడి ఉండటం, గర్భిణికి జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దవాఖానకు తీసుకెళ్లండి. తిన్న పెరుగు గానీ, పాలు గానీ కొంచెం మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కారణం తేల్చడానికి డాక్టరుకు ఆ నమూనా అవసరం కావచ్చు.