దేహం, ధ్వని, రచన: మూడింటినీ కలిపి రంగస్థలంలో నిలదొక్కుకోవడం ఎలా?

సొంతంగా ప్రదర్శనలు కూర్చుకోవాలనుకునే యువ కళాకారులు చాలామంది నాట్యం, సంగీతం, రచన విడివిడిగా నేర్చి, చివరలో ఒకచోట అతికించబోతారు. ఆ అతుకు ప్రేక్షకుడికి ఇట్టే తెలిసిపోతుంది. మూడూ అతుకు లేకుండా కలిసిపోవడం ఎలా ఉంటుందో బుర్రకథ చూసినవారికి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కథకుడు భుజాన తంబురా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, అడుగులు వేస్తూనే కథ చెబుతాడు. డక్కీలు వాయించే వంతలు అతడి మాట ఎక్కడ ఆగితే అక్కడ అందుకుంటారు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఆ కళకు పెట్టింది పేరు.

కాబట్టి సాధన కూడా మూడింటికీ కలిపి, ఒకే గదిలో, ఒకే వేళకు సాగాలి. మీరు కళ్లారా చూసిన చిన్న సంఘటనను, ఐదు నిమిషాలకు మించనిదాన్ని, తీసుకోండి. మొదటి వారం మాట లేకుండా దేహంతోనే చేయండి. రెండో వారం ఊపిరి, పాదాల చప్పుడు, చేతికందిన చెంబో పళ్లెమో తప్ప మరే వాద్యమూ వద్దు. మాటలు రాయడం ఆ తర్వాతే మొదలుపెట్టి, రాసిన ప్రతి వాక్యాన్నీ కదులుతూ పలికి చూసి, ఊపిరికి అందనిదాన్ని, అది ఎంత అందమైన వాక్యమైనా, కొట్టివేయండి. రచయితలకు ఇది ప్రాణసంకటమే.

ఈ మార్గంలో పరిశీలించదగినది రంగస్థల దర్శకురాలు వీణాపాణి చావ్లా 1981లో ముంబయిలో స్థాపించిన ఆదిశక్తి నాటక బృందం. తర్వాత పుదుచ్చేరి ప్రాంతానికి తరలిన ఆ బృందం కేరళ సంస్కృత నాటక సంప్రదాయమైన కూడియాట్టంలోని శ్వాస సాధనను, కేరళ యుద్ధకళ కళరిపయట్టును, మిళావు అనే తాళవాద్యాన్ని నటుడి శిక్షణలోకి తెచ్చింది. అక్కడే ఉండి నేర్చుకునే కార్యశాలలూ నిర్వహిస్తుంది. పట్టా కావాలనుకుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ, ఢిల్లీలో మూడేళ్ల కోర్సు నడిపే జాతీయ నాటక పాఠశాల ఉన్నాయి. పట్టా ఉన్నా లేకపోయినా ఒక సంప్రదాయాన్ని, కూచిపూడి కానివ్వండి, చిందు యక్షగానం కానివ్వండి, గురువు దగ్గర లోతుగా నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రదర్శనల టికెట్ల మీదనే ఇల్లు గడవడం కష్టం. బడుల్లో తరగతులు, ఇతరుల నాటకాలకు ధ్వని రూపకల్పన, నటులకు దేహ శిక్షణ వంటి పనులు ఆదాయంతో పాటు అభ్యాసాన్నీ ఇస్తాయి. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వంటి సంస్థలు కళాకారులకు ఆర్థిక సహాయం అందిస్తాయి. అలాంటి దరఖాస్తులో ఆశయాల కంటే, ఏ ప్రశ్నను ఎలా వెతకబోతున్నారో, రిహార్సల్ గదికి, సహకళాకారులకు ఎంత ఖర్చవుతుందో స్పష్టంగా రాయండి. కత్తిరింపులు లేని పది నిమిషాల వీడియో సిద్ధంగా ఉంచుకోండి.

హక్కుల విషయంలో మొహమాటం పనికిరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నృత్యరచన నాటక కృతిగా రక్షణ పొందాలంటే, అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడి ఉండాలి. స్వరరచన వేరే కృతి, దాని హక్కూ వేరు. అందువల్ల కదలికల క్రమాన్ని తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇతరులతో కలిసి కూర్చినప్పుడు బాణీ ఎవరిదో, మాట ఎవరిదో, ఒకరు తప్పుకుంటే ప్రదర్శన కొనసాగించే హక్కు ఎవరికి ఉంటుందో మొదటి రిహార్సల్‌కు ముందే కాగితం మీద పెట్టుకుని సంతకాలు చేయండి.