లాంగ్ ట్రిప్పులకి సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్: లక్షణం చూసి రోగం పట్టుకోవడం ఎలా

లడఖ్, స్పితి, అరుణాచల్ లాంటి చోట్లకి సొంత బండిలో పోయి, బండిలోనే పడుకుంటూ నెల రోజులు తిరిగొద్దాం అనుకునేవాళ్ళు మన దగ్గర బాగా పెరిగారు, వాళ్ళలో చాలామంది కన్ను పాత డీజిల్ పికప్‌ల మీదే ఉంటుంది. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేవి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, స్కార్పియో గెటవే, టాటా జెనాన్. హైలక్స్ మన దేశంలోకి వచ్చిందే 2022లో కాబట్టి పాతది దొరికినా రేటు దిగదు. వీ-క్రాస్ అయితే 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది, నేను రాసేది ఎక్కువగా దాన్ని మనసులో పెట్టుకునే, కానీ మిగతా డీజిల్ బళ్ళకి కూడా దాదాపు అంతా వర్తిస్తుంది.

నా లెక్క ఒక్కటే. రిపేరు బయటికి కనిపిస్తున్న బండిని బేరమాడి కొనొచ్చు, రిపేరుని దాచిపెట్టిన బండిని ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఊళ్ళో ఆగిపోతే మెకానిక్ వస్తాడు, మనాలి-లేహ్ దారిలో సర్చు దగ్గర రాత్రిపూట ఆగిపోతే ఎవరూ రారు.

మీరు వెళ్ళేసరికే ఇంజన్ వేడిగా ఉంది

"మీరొస్తున్నారని ఇప్పుడే బయటికి తీశా సార్" అంటారు. నిజమే కావచ్చు, కానీ పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ ఉన్న బండిని దాచడానికి ఇంతకంటే ఈజీ దారి ఇంకోటి లేదు. పరిష్కారం సింపుల్, ఆరోజు మిగతావన్నీ చూసేసి ఇంకోరోజు తెల్లారే వస్తానని చెప్పండి, వెళ్ళగానే బానెట్ ఎత్తి రేడియేటర్ పై హోస్ పట్టుకుని చూడండి, చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయండి.

చల్లగా ఉన్నప్పుడు చాలాసేపు తిప్పితేగానీ అందుకోకపోతే, అందుకున్నాక పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తే, కారణాలు మూడు: గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌ని స్టార్టింగ్ కోసం లోపల వేడి చేసేవి) పోవడం, ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) లీకవ్వడం, కంప్రెషన్ (సిలిండర్లలో గాలి నొక్కుకునే బలం) తగ్గడం. ఇక్కడో మెలిక ఉంది. హైదరాబాద్ ఎండలకి ఈ కాలపు కామన్ రైల్ డీజిల్ ఇంజన్ గ్లో ప్లగ్గులు లేకపోయినా స్టార్ట్ అయిపోతుంది, అందుకే ఓనర్‌కి కూడా అవి పోయిన సంగతి తెలియదు, మైనస్ పది డిగ్రీల్లో లేహ్‌లో తెల్లవారుజామున తాళం తిప్పినప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఇక్కడే మల్టీమీటర్ పెట్టి ఒక్కో ప్లగ్గునీ చెక్ చేయించండి, పది నిమిషాల పని, పోయినవి మార్చడం కూడా పెద్ద ఖర్చేం కాదు. ఇంజెక్టర్లయితే రిటర్న్ పైపులకి చిన్న సీసాలు తగిలించి ఇంజన్ నడిపిస్తారు, ఏ సీసా తొందరగా నిండితే ఆ ఇంజెక్టర్ పని అయిపోయినట్టు. నాలుగూ మార్చాల్సొస్తే చిన్న ఖర్చు కాదు, ఆ మొత్తం రేటులో తగ్గించమనండి. కంప్రెషనే తగ్గిందంటే మాత్రం ఆ బండి వదిలేయండి.

పొగ రంగు

నల్ల పొగ చూసి భయపడకండి, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్, చిరిగిన టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) హోస్, మసి పట్టిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది), ఇలాంటివే ఉంటాయి. ఒక్కోసారి ముందు ఓనర్ బండి ఇంకా జోరుగా లాగాలని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) సెట్టింగులు మార్పించి రీమ్యాప్ చేయించుంటాడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే వెనక మబ్బులా లేస్తే అది అడగండి, కంపెనీ మ్యాప్ వెనక్కి వేయిస్తేనే కొంటానని చెప్పండి.

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తగలబడుతోంది. చాలాసేపు ఐడిల్‌లో పెట్టి ఒక్కసారి రేస్ చేసినప్పుడు మాత్రమే వస్తే వాల్వు సీళ్ళో, టర్బో సీలో అయ్యుండొచ్చు, లోడ్ మీద నడుస్తున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, కొంచెం తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందని, అంటే చాలావరకు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య సీలు) పోయిందని.

బ్యాక్ కంప్రెషన్

నేను అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టేది ఇక్కడే. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత విప్పండి, తీసేయకుండా బోర్లా తిప్పి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కొంచెం వణకడం మామూలే. టకటకా ఎగిరి పక్కకి పడిపోతే, లేదా ఆ రంధ్రం లోంచి పొగ ఊపిరి తీస్తున్నట్టు తెరలు తెరలుగా వస్తే, రింగులు దాటి గ్యాస్ కిందకి దిగుతోందన్నమాట, దీన్నే మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. డిప్‌స్టిక్ పైకి తీసి ఆ గొట్టం దగ్గర చెయ్యి పెట్టినా తెలుస్తుంది.

వెంటనే ఇంజన్ పోయిందని తీర్పు చెప్పొద్దు, ముందు బ్రీతర్ పైపు చూడండి, అది మసితో మూసుకుపోయినా లోపలి గ్యాస్ ఎటూ పోలేక మూత దగ్గరికే వస్తుంది, క్లీన్ చేసి మళ్ళీ టెస్ట్ చేయాలి. అప్పటికీ అలాగే ఉంటే ఇంజన్ దించాల్సిందే. కొందరు చిక్కటి ఆయిల్ పోసి వారం రోజులు సర్దుతారు, అందుకే డిప్‌స్టిక్ మీద ఆయిల్ మరీ కొత్తగా, మరీ చిక్కగా ఉంటే ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు పోశారు, బిల్లు ఉందా అని అడగండి.

ఎక్కేటప్పుడు లాగడం లేదు

బీఎస్4 (పాత పొగ నిబంధనల కాలం) వీ-క్రాస్‌లో ఎక్కువగా ఉండేది 2.5 లీటర్ ఇంజన్, పవర్ 136 పీఎస్, టార్క్ 320 ఎన్ఎం. బీఎస్6లో ఇంజన్ 1.9 లీటర్లకి తగ్గింది కానీ పవర్ 163 పీఎస్, టార్క్ 360 ఎన్ఎంకి పెరిగింది. అంటే రెండిట్లో ఏదైనా శ్రీశైలం ఘాట్‌లో నలుగురు మనుషులు, సామానుతో సులువుగా ఎక్కాలి. ఎక్కలేదంటే ముందు డీజిల్ ఫిల్టర్, తర్వాత టర్బో.

ఫిల్టర్ కింద నీళ్ళు దిగే చోట ఒక బోల్టు ఉంటుంది, దాన్ని వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం డీజిల్ పట్టండి, అడుగున నీళ్ళు వేరుగా కనిపిస్తే ట్యాంకులో నీళ్ళున్నాయి, ట్యాంక్ దించి కడిగించి ఫిల్టర్ మార్చాలి. టర్బో వైపు అయితే ఇంటర్‌కూలర్ హోసుల జాయింట్ల దగ్గర ఆయిల్ మరకలు వెతకండి, రేస్ చేసినప్పుడు బుస్సుమని గాలి చప్పుడు వస్తే హోస్ చిరిగింది, కొత్త హోస్, కొత్త క్లాంపు, అంతే. గాలి లోపలికి పీల్చుకునే వైపు పైపు ఊడదీసి టర్బో షాఫ్ట్‌ని వేళ్ళతో కదపండి, పక్కలకి కొంచెం ఆడొచ్చు, ముందుకీ వెనక్కీ ఆడితే టర్బో అయిపోయింది.

చిన్న లీకే కదా అని దీన్ని వదిలేయకండి ప్లీజ్. హైదరాబాద్ ఎత్తు ఐదొందల మీటర్ల పైచిలుకు, ఇక్కడ ఆ లీకు కొంచెం పికప్ తగ్గినట్టు మాత్రమే అనిపిస్తుంది. లడఖ్‌లో ఉమ్లింగ్ లా కనుమ ఎత్తు 19,024 అడుగులు, అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగమే, ఆ తక్కువైన గాలిని భర్తీ చేయాల్సింది టర్బోనే, అది కూడా లీకైతే బండి నల్లగా కక్కుతూ ఫస్ట్ గేర్‌లో కూడా ఎక్కనని మొండికేస్తుంది.

ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

కారణాలని చవక నుంచి ఖరీదు వరకు వరసగా చూసుకుంటూ రండి: రేడియేటర్ రెక్కల్లో మట్టి, ఫ్యాన్ కప్లింగ్, థర్మోస్టాట్, వాటర్ పంప్, చివరగా హెడ్ గ్యాస్కెట్. గ్యాస్కెట్ సంగతి తేల్చుకోవాలంటే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి, ఆగకుండా బుడగలు వస్తుంటే అది గ్యాస్కెట్టే.

దీనికి ఉల్టా లక్షణం కూడా ఉంది, ఎంతసేపు నడిపినా ముల్లు సగానికి రాదు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు హీట్ ప్రాబ్లం రాగానే థర్మోస్టాట్ పీకేస్తారు, అప్పటికి సమస్య పోయినట్టే ఉంటుంది, చలి ప్రదేశంలో ఇంజన్ వేడెక్కదు, క్యాబిన్ హీటర్ పనిచేయదు, రాత్రి మీరు వణకాలి. కొత్త థర్మోస్టాట్ వేయించి, అసలు ఎందుకు పీకారో అప్పుడు మళ్ళీ ఘాట్ ఎక్కించి చూడండి.

రేడియేటర్‌లో ఉత్త నీళ్ళున్నాయా అన్నది కూడా అప్పుడే చూసేయండి. తుప్పు రంగు నీళ్ళుంటే మొత్తం ఫ్లష్ చేయించి సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయించాలి, ఆ మిక్స్ దాదాపు మైనస్ 37 వరకు గడ్డకట్టదు. ఉత్త నీళ్ళతో పైకి వెళ్తే రాత్రికి గడ్డకట్టి రేడియేటరో, ఇంజన్ బ్లాకో పగులుతుంది.

బీఎస్6 బండిలో డీపీఎఫ్ లైట్

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఆఫీసుకీ ఇంటికీ మధ్య మాత్రమే తిరిగిన బండిలో ఆ ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోయే అవకాశమే రాదు, లైట్ వెలుగుతుంది. ఓఆర్ఆర్ మీద రెండు వేల ఆర్పీఎం పైన అరగంట ఆపకుండా నడిపితే చాలావరకు ఆరిపోతుంది, ఆరకపోతే సర్వీస్ సెంటర్‌లో ఫోర్స్డ్ రీజెన్ (మసిని బలవంతంగా కాల్చేయడం) చేయించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తోందంటే రీజెన్ మధ్యలోనే చాలాసార్లు ఆగిపోయిందని అర్థం, ఆయిల్ మార్చకుండా ట్రిప్‌కి పోవద్దు.

ఫోర్ బై ఫోర్ లైట్ మినుకుమంటోంది

ముందు ఆర్సీ చూడండి, 2021 తర్వాత వీ-క్రాస్‌లో టూ వీల్ డ్రైవ్ వెర్షన్ కూడా వచ్చింది, స్టిక్కర్ నమ్మొద్దు. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవర్) బండిలో ఫోర్ హై, ఫోర్ లో గేర్లు రెండూ పడాలి, తారు రోడ్డు మీద కాకుండా ఇసుకలోనో, వదులు మట్టిలోనో టెస్ట్ చేయాలి. లైట్ మినుకుతూనే ఉండిపోతే ఏళ్ళ తరబడి వాడక యాక్చువేటర్ (ఫోర్ బై ఫోర్‌ని కలిపి విడదీసే భాగం) బిగుసుకుపోవడమో, వైరింగ్ కనెక్టర్‌లో తుప్పో అయ్యుంటుంది. క్లీన్ చేసి పదిసార్లు వేసి తీస్తే సగం బళ్ళు దారికొస్తాయి. లో వేసి నడిపినప్పుడు కటకట శబ్దం వస్తే మాత్రం లోపల గేర్లదే, ఆ జోలికి పోవద్దు.

నీళ్ళలో మునిగిన బండి

2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వల్ల విజయవాడ, రెండుసార్లూ ఎన్నో బళ్ళు మునిగాయి, వాటిలో కొన్ని తుడిచి మెరిపించి ఇప్పుడు మార్కెట్‌లో తిరుగుతున్నాయి. సీట్ బెల్టుని చివరిదాకా లాగండి, ఎవరూ ఎప్పుడూ లాగని ఆ చివరి జానెడు మీద బురద గీత ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, ఫ్యూజ్ బాక్స్ కనెక్టర్లలో ఆకుపచ్చ చిలుము, హెడ్‌లైట్ లోపల ఆవిరి కూడా చూడండి. డిఫరెన్షియల్ గేర్ ఆయిల్ పాల రంగులో ఉందంటే లోపలికి నీళ్ళు పోయాయి. ఆయిల్ మార్చి గేర్లని కాపాడుకోవచ్చు గానీ మునిగిన వైరింగ్‌కి మందు లేదు, అలాంటి బండి వద్దు.

చాసిస్ కింద కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే, ముఖ్యంగా వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి తిన్న బండైతే, స్క్రూడ్రైవర్ మొనతో గీకి చూడండి, పెచ్చులు ఊడితే తుప్పు తినేసింది. కమాన్ పట్టీలు చిట్లాయా, బండి వెనక ఒక వైపు కుంగిందా చూసుకోండి, పట్టీలూ బుష్‌లూ మార్చడం ఆటోనగర్‌లో ఒక్కరోజు పని, అదే చాసిస్‌కి వెల్డింగ్ అతుకు కనిపిస్తే మాట్లాడకుండా వచ్చేయండి.

మీటర్ తక్కువ, పెడల్స్ అరిగాయి

టైర్ పక్కన చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే ఆ టైర్ తయారైంది 2019లో 23వ వారం, బండి కంటే టైర్ కొత్తదైతే అది రెండో సెట్. ముప్పై వేలే తిరిగిందన్న బండికి ఇప్పటికే రెండో సెట్ టైర్లుంటే, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగితే, మీటర్ వెనక్కి తిప్పారని అనుమానించండి. సర్వీస్ హిస్టరీ ఛాసిస్ నంబర్‌తో షోరూంలో అడగండి.

కాగితాలు

ఢిల్లీ నుంచి చవకగా వచ్చిన బండైతే, అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళ మీద ఆంక్షలు పెట్టడంతో చాలామంది అమ్మేశారు, ఫారం 28 ఎన్ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీవో ఇచ్చే అనుమతి), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ రెండూ కలిపి లెక్కేసుకుంటే చవక కాకపోవచ్చు. ముందు ఓనర్ బుల్ బార్, లిఫ్ట్ కిట్ లాంటివి పెట్టించుంటే, బండి అసలు స్పెసిఫికేషన్ మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది, తీయించి తీసుకోండి, చెక్‌పోస్టుల దగ్గర తలనొప్పి తప్పుతుంది. ఆర్సీలో ఫైనాన్స్ పేరు కనిపిస్తే బ్యాంకు ఎన్ఓసీ, సంతకాలున్న ఫారం 35 (ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీయించేది), దాంతోపాటు ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 చేతికొచ్చేదాకా టోకెన్ అడ్వాన్స్ మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.