ఒకే మెషిన్‌లో రెండు ప్రాసెస్‌ల మధ్య మెసేజ్‌లు తెగిపోతున్నాయా? సాకెట్ సమస్యలు - పరిష్కారాలు

లినక్స్‌లో ఒక నోడ్ సర్వర్, ఒక పైథాన్ వర్కర్ యూనిక్స్ సాకెట్ (ఒకే మెషిన్‌లోని ప్రాసెస్‌లు మాట్లాడుకునే దారి) మీద జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి అనుకుందాం. ఇలాంటి సెటప్‌లో వచ్చే తలనొప్పుల్లో చాలావరకు ఒకే చోట పుడతాయి: మనం పంపేది మెసేజ్ అనుకుంటాం, సాకెట్‌కి తెలిసింది బైట్లు మాత్రమే.

సమస్య: టెస్టింగ్‌లో బాగానే ఉంది, లోడ్ పెరిగితే జేసన్ పార్స్ కావడం లేదు

ముందు ఎర్రర్ చదవండి. పైథాన్ "ఎక్స్‌ట్రా డేటా" అంటే రెండు మెసేజ్‌లు అతుక్కుని వచ్చాయి. "అన్‌టెర్మినేటెడ్ స్ట్రింగ్" అంటే ఒకటి మధ్యలో తెగింది. రెండింటికీ కారణం ఒకటే. స్ట్రీమ్ సాకెట్‌లో ఒక రైట్‌కి ఒక రీడ్ అనే లెక్క లేదు. మూడు రైట్‌లు ఒకే రీడ్‌లో రావచ్చు, ఒక రైట్ నాలుగు రీడ్‌లుగా రావచ్చు. టెస్టింగ్‌లో మెసేజ్‌లు చిన్నవి, మధ్యలో ఖాళీ ఎక్కువ కాబట్టి బయటపడదు. పంపే వైపు 100 మిల్లీసెకన్ల స్లీప్ పెడితే తగ్గినట్టు కనిపిస్తుంది. అది మందు కాదు, జ్వరం కొలిచే థర్మామీటర్‌ని దాచేయడం.

పరిష్కారం: ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో దాని పొడవు పంపండి. అందుకునే వైపు ఒక బఫర్ (వచ్చిన బైట్లు దాచుకునే చోటు) ఉంచుకుని, వచ్చిన ప్రతి ముక్కనూ దాని చివర చేర్చండి. బఫర్‌లో 4 బైట్లు ఉంటే పొడవు తీయండి. ఆ పొడవంతా వచ్చి ఉంటే మెసేజ్ విడదీయండి, లేకపోతే ఆగండి. విడదీశాక మిగిలినవి పారేయకండి, అవి తర్వాతి మెసేజ్‌వి. ఒక ముక్కలో ఎన్ని పూర్తి మెసేజ్‌లుంటే అన్నీ తీసేదాకా లూప్ తిరగాలి. ఇక్కడ "ఇఫ్" రాసి వదిలేసిన కోడ్‌లో, అతుక్కుని వచ్చిన మెసేజ్‌లలో చివరిది ఆలస్యంగా అందుతుంది. పంపేటప్పుడు పైథాన్‌లో సెండ్ కాదు, సెండ్‌ఆల్ వాడండి. సెండ్ ఒక్కోసారి కొంతే పంపి, ఎన్ని బైట్లు వెళ్లాయో చెప్పి ఊరుకుంటుంది.

పొడవు బదులు లైనుకో జేసన్ పంపినా సరే. జేసన్ స్ట్రింగ్ లోపలి న్యూలైన్ ఎలాగూ ఎస్కేప్ అవుతుంది, అంటే బ్యాక్‌స్లాష్, ఎన్ అనే రెండు అక్షరాలుగా మారుతుంది. ఎవరైనా చదవడానికి బాగుంటుందని ఇండెంట్ పెట్టి పంపితే మాత్రం మొత్తం విరిగిపోతుంది.

సమస్య: ఇంగ్లిష్ మెసేజ్‌లు వెళ్తున్నాయి, తెలుగు వస్తే కనెక్షన్ పాడవుతోంది

ఇది మనవాళ్ల కోడ్‌లో తప్పకుండా చూసుకోవాల్సింది. "నమస్తే" జావాస్క్రిప్ట్‌కి 6 అక్షరాలు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) ఒక్కొక్కటీ 3 బైట్లు, మొత్తం 18. జేసన్‌గా మారిస్తే రెండు కొటేషన్లు కలిసి 20 బైట్లు. స్ట్రింగ్ లెంగ్త్ మాత్రం 8 చూపిస్తుంది. ఆ 8నే పొడవుగా పంపితే అవతలి వైపు 8 బైట్లు చదువుతుంది: కొటేషన్ ఒకటి, న మూడు, మ మూడు, స లోంచి ఒకే ఒక్క బైటు. అక్కడ డీకోడ్ ఎర్రర్. ఆ ఎర్రర్‌ని పట్టుకుని ముందుకెళ్లే కోడ్ అయితే, స మిగిలిన రెండు బైట్లనూ పొల్లు మొదటి రెండు బైట్లనూ కలిపి తర్వాతి పొడవు అనుకుంటుంది. ఆ సంఖ్య 296 కోట్లకు పైన. ఇక ఎప్పటికీ రాని బైట్ల కోసం కూర్చుంటుంది.

పైథాన్ నుంచి నోడ్‌కి వెళ్లే దారిలో ఇదే తప్పు ఉన్నా కనిపించకపోవచ్చు. పైథాన్ జేసన్ మాడ్యూల్ మామూలుగా తెలుగు అక్షరాలను ఆస్కీ ఎస్కేప్‌లుగా మారుస్తుంది. అదే "నమస్తే" అప్పుడు 38 అక్షరాలు, 38 బైట్లు. లెక్క దానంతటదే సరిపోతుంది. ఎవరో లాగ్‌లో తెలుగు కనపడాలని ఆ సెట్టింగ్ తీసేసిన రోజు బగ్ బయటికొస్తుంది.

పరిష్కారం: ముందు స్ట్రింగ్‌ని బైట్లుగా మార్చండి, తర్వాత ఆ బైట్లను లెక్కపెట్టండి. నోడ్‌లో స్ట్రింగ్‌ని బఫర్‌గా చేసి ఆ బఫర్ లెంగ్త్ తీసుకోండి. అందుకునేటప్పుడు కూడా డేటా ఈవెంట్‌లో వచ్చిన ముక్కను స్ట్రింగ్‌కి ప్లస్ చేయకండి. అక్షరం మధ్యలో తెగితే నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది, ఇక తిరిగి రాదు. బఫర్లను కాంక్యాట్ చేసి, పూర్తి మెసేజ్ చేతికొచ్చాకే డీకోడ్ చేయండి.

సమస్య: పొడవు చోట కోట్లలో సంఖ్య, మెమరీ ఎర్రర్

ఆ సంఖ్యను పారేయకండి, అసలు ఆధారం అదే. 33,55,44,320 వచ్చిందనుకోండి. దాన్ని 1,67,77,216తో భాగిస్తే శేషం లేకుండా 20 వస్తుంది. అంటే ఒకరు బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైటు ముందు) పంపారు, ఇంకొకరు లిటిల్ ఎండియన్‌లో (చిన్న విలువ బైటు ముందు) చదివారు. చిన్న మెసేజ్‌లకు ఈ పరీక్ష చాలు. పైథాన్ స్ట్రక్ట్‌లో ఫార్మాట్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి, నోడ్‌లో బిగ్ ఎండియన్ ఫంక్షన్ వాడితే రెండూ కలుస్తాయి.

206,58,55,609 లాంటిది వస్తే హెక్స్‌లోకి మార్చండి: 7బి, 22, 74, 79. అవి ఫ్లవర్ బ్రాకెట్, కొటేషన్, టి, వై. అంటే "టైప్" అనే కీతో మొదలయ్యే జేసన్‌నే పొడవుగా చదివారు. ముందు మెసేజ్‌లో ఎక్కడో లెక్క తప్పింది, లేదా అవతలివాళ్లు పొడవు పంపడమే లేదు. రెండు థ్రెడ్లు ఒకే సాకెట్‌కి రాస్తున్నా ఇలాగే అవుతుంది: ఒకరి పొడవుకీ మెసేజ్‌కీ మధ్య ఇంకొకరి పొడవు దూరుతుంది. పొడవునూ మెసేజ్‌నూ ఒకే బఫర్‌గా చేసి, లాక్ పట్టుకుని రాయండి.

గరిష్ఠ పరిమితి ఒకటి పెట్టండి, మామూలు వాడకానికి 16 ఎంబీ చాలు. దాటితే కనెక్షన్ మూసేయండి. ఒకసారి లెక్క తప్పిన స్ట్రీమ్‌ని మధ్యలో సరిచేయడం కుదరదు.

సమస్య: రెండు ప్రాసెస్‌లూ బతికే ఉన్నాయి, ఏదీ కదలడం లేదు

ఎస్‌ట్రేస్‌ని (ప్రాసెస్ కెర్నల్‌ని ఏం అడుగుతోందో చూపే టూల్) రెండింటికీ తగిలించి చూడండి. రెండూ సెండ్‌లోనే ఆగి ఉంటే డెడ్‌లాక్, అంటే ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడం. క్లయింట్ జవాబులు చదవకుండా రిక్వెస్ట్‌లు పంపుతూ పోయింది, సర్వర్ జవాబులు రాస్తూ పోయింది, రెండు బఫర్లూ నిండాయి. చాలా లినక్స్ మెషిన్లలో డిఫాల్ట్ బఫర్ 2,12,992 బైట్లు. చిన్న మెసేజ్‌లైతే అంతకంటే ముందే నిండుతుంది, ప్రతి దానికీ కెర్నల్ తన సొంత ఖర్చు కూడా కలుపుతుంది. బఫర్ పెంచితే సమస్య వాయిదా పడుతుందంతే. చదవడానికి వేరే థ్రెడ్ పెట్టండి, లేదా జవాబు రాకుండా ఇన్నింటికి మించి పంపనని హద్దు పెట్టుకోండి.

నోడ్ ఇలా ఆగదు, మెమరీ పెంచుకుంటూ పోతుంది. రైట్ "ఫాల్స్" ఇస్తే డ్రెయిన్ ఈవెంట్ వచ్చేదాకా పంపడం ఆపాలి.

సమస్య: అసలు కనెక్టే కావడం లేదు

"అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" - పాత సర్వర్ కుప్పకూలింది, సాకెట్ ఫైలు మిగిలిపోయింది. స్టార్టప్‌లో ఆ ఫైలుని గుడ్డిగా అన్‌లింక్ చేయకండి (తీసేయకండి). పాతది బతికే ఉంటే పాత క్లయింట్లు దానితో, కొత్త క్లయింట్లు కొత్తదానితో మాట్లాడుతూ రెండు సర్వర్లు నడుస్తాయి. ముందు కనెక్ట్ చేసి చూడండి. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తేనే తీసేయండి.

"నో సచ్ ఫైల్" అంటోంది, ఎల్ఎస్ కొడితే ఫైలు కనిపిస్తోంది. టెంప్ డైరెక్టరీలో పెట్టారా? సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) సర్వీసులో ప్రైవేట్ టెంప్ ఆన్ అయి ఉంటే ఆ సర్వీసుకి కనిపించే టెంప్ వేరు. సాకెట్‌ని రన్ డైరెక్టరీ కిందికి మార్చండి.

"పర్మిషన్ డినైడ్" - లినక్స్‌లో కనెక్ట్ కావడానికి సాకెట్ ఫైలు మీద రైట్ పర్మిషన్, పై డైరెక్టరీలన్నిటి మీదా ఎగ్జిక్యూట్ పర్మిషన్ కావాలి. రెండోది మర్చిపోవడమే ఎక్కువ.

పాత్ మరీ పొడుగ్గా ఉన్నా బైండ్ కాదు. లినక్స్‌లో హద్దు 108 బైట్లు, మ్యాక్‌లో 104. సీఐ సర్వర్లో (టెస్టులు ఆటోమేటిక్‌గా నడిపేది) లోతైన ఫోల్డర్లలో టెస్టులు నడిపేటప్పుడే ఇది ఎక్కువగా తగులుతుంది.

సమస్య: సీపీయూ 100 శాతం, లేదా ప్రాసెస్ చప్పుడు లేకుండా పోయింది

రీడ్ సున్నా బైట్లు ఇచ్చిందంటే అవతలివాళ్లు మూసేశారని అర్థం. "ఇంకా ఏమీ రాలేదు" అనుకుని మళ్లీ చదివే లూపే సీపీయూని తినేస్తోంది. లూప్ ఆపి సాకెట్ మూసేయండి.

లాగ్‌లో ఒక్క ముక్క లేకుండా 141 ఎగ్జిట్ కోడ్‌తో చస్తే అది సిగ్‌పైప్: 128కి సిగ్నల్ నంబరు 13 కలిపితే 141. అవతలి వైపు మూసేశాక రాస్తే కెర్నల్ పంపేది ఇదే. సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాముల్లో ఆ సిగ్నల్‌ని ఇగ్నోర్ చేసి, "బ్రోకెన్ పైప్" ఎర్రర్‌గా అందుకోండి. పైథాన్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంది.