వంటింటి మిగులు పెరటి కోళ్ళకు ఎలా పెట్టాలి?

కోళ్ళు పెంచడం మొదలుపెట్టగానే చాలామందికి ఒక ఆశ పుడుతుంది: ఇంట్లో మిగిలిందంతా వాటికి వేసేస్తే చెత్త బాధ తీరుతుంది, దాణా ఖర్చూ కలిసొస్తుంది అని. అలా వేసినచోట గుడ్లు తగ్గుతాయి, కోళ్ళకు కొవ్వు పడుతుంది, ఎలుకలు చేరతాయి. మిగులు పెట్టొద్దనడం లేదు. పద్ధతిగా పెట్టమంటున్నాను.

కావలసినవి: మూత ఉన్న గిన్నె, చాకు, వెడల్పాటి స్టీలు పళ్ళెం. స్టీలుదే. ప్లాస్టిక్ పళ్ళేనికి గీతలు పడి, ఆ గీతల్లో జిడ్డు పేరుకుంటుంది.

ముందు కొలత. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. మిగులు అందులో పదో వంతు దాటకూడదు. ఐదు కోళ్ళుంటే అన్నిటికీ కలిపి 50, 60 గ్రాములు, అంటే ఒకటి రెండు గుప్పిళ్ళు. ఇంతేనా అంటే ఇంతే. ప్రోటీన్, కాల్షియం లెక్క చూసి కలిపిన దాణా అది. అన్నంతో, బ్రెడ్డుతో కడుపు నింపుకున్న కోడి దాని వైపు చూడదు. గుడ్డు పెంకు పలచబడ్డాక జాతి మంచిది కాదని కోడినే తిట్టేవాళ్ళను చూస్తుంటాను. చిన్న కోడిపిల్లలకైతే మిగులు అసలు వద్దు, వాటికి పిల్లల దాణా చాలు.

ఇక అసలు పని ఏరడం. కోళ్ళు పోయేది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే.

గిన్నెలో ఉన్నదాన్ని మసక వెలుతురులో కాకుండా కిటికీ దగ్గర పళ్ళెంలో పరిచి చూడండి. మొదటి శత్రువు బూజు. బ్రెడ్డు ముక్కను రెండుగా విరిచి లోపల చూడండి, పైన చుక్క కనిపించకపోయినా మధ్యలో బూడిద రంగు నూగు ఉండొచ్చు. అన్నం మెతుకులు రెండు వేళ్ళ మధ్య నలిపితే జిగురు తీగలా సాగిందా, పుల్లటి వాసన వచ్చిందా, పారేయండి. బూజు పట్టినంత మేర కోసేసి మిగతాది వేయొచ్చని కొందరంటారు. మెత్తటి పదార్థంలో బూజు పోగులు కంటికి కనిపించేదానికన్నా లోతుగా పాకి ఉంటాయి. ఉడకబెట్టి వేస్తామనేవాళ్ళు ఇంకొందరు. ఉడికిస్తే బూజు చస్తుందేమో గానీ, అది వదిలిన అఫ్లాటాక్సిన్ లాంటి విషం ఆ వేడికి పోదు. అది నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అనుమానం వస్తే వేయొద్దు, బేరాలు లేవు.

రెండో శత్రువు ఉప్పు. మనకు చప్పగా అనిపించే కూర కూడా కోడికి ఎక్కువే. కడిగి వేస్తే సరిపోదు, ముక్కలోకి ఇంకిన ఉప్పు కడిగితే పోదు. అందుకే నా ఇంట్లో ఉప్పు వేసిన వంటకమేదీ కోళ్ళ గిన్నెలోకి వెళ్ళదు. పక్కన పెట్టాల్సినవి వంట మొదలయ్యే ముందే, కూరగాయలు తరిగేటప్పుడే పక్కన పెడతాను. చిప్స్, వేపుళ్ళు, ఊరబెట్టినవి అయితే ఆలోచించే పనే లేదు.

తర్వాత, చూడటానికి శుభ్రంగా ఉన్నా పనికిరానివి: ఉడకని రాజ్మా, ఎండు చిక్కుడు గింజలు (నానబెడితే చాలదు, బాగా ఉడకాలి), పచ్చబడిన బంగాళాదుంప తొక్కలు, అవకాడో తొక్కా గింజా, చాక్లెట్, పచ్చి మాంసం. ఉల్లిపాయ కొంచెం తగిలితే ఏమీ కాదు గానీ రోజూ వేయొద్దు.

మిగిలినవి ధైర్యంగా పెట్టొచ్చు: ఆకుకూరల కాడలు, క్యారెట్ చివర్లు, గుమ్మడి గింజలు, దోస తొక్కలు, పుచ్చకాయ చెక్క, ఉప్పు లేని అన్నం కాస్త. పొడుగాటి పీచు కాడల్ని గోరంత ముక్కలుగా తరగండి, లేకపోతే మేత సంచిలో, అంటే తిన్నది మొదట నిలిచే మెడ కింది తిత్తిలో, ఉండ కట్టుకుంటాయి. కోడికి పళ్ళు లేవు, నమిలే పనంతా కందనకాయలో జరుగుతుంది. దానికి సన్న రాళ్ళు కావాలి, బయట తిరగని కోళ్ళకైతే మీరే విడిగా పెట్టాలి.

పెట్టే వేళ మధ్యాహ్నం తర్వాతే. పొద్దున్నే పెడితే దాణా వదిలేసి మీ తలుపు దగ్గర కాపలా కాస్తాయి. నేల మీద విసరకండి. మట్టిలో, రెట్టలో కలిసిన మెతుకులు కుళ్ళుతాయి, కుళ్ళినవి తింటే మెడ వాల్చేసే జబ్బు రావొచ్చు. కోళ్ళు ఎక్కువుంటే రెండు పళ్ళేలు దూరదూరంగా పెట్టండి, లేకపోతే బలహీనమైనదానికి దక్కేది పోట్లే. అరగంట తర్వాత మిగిలింది తీసేసి పళ్ళెం కడిగేయండి. రాత్రికి వదిలితే తినేవి ఎలుకలు.

గుడ్డు పెంకులు వేయాలంటే ఎండబెట్టి పొడిపొడిగా నలపండి. సగం పెంకు అలాగే వేస్తే గుడ్డు పొడుచుకు తినే అలవాటు పడుతుందని నా భయం.

కొత్త పదార్థం పెట్టిన మర్నాడు, దాణా వేయకముందే కోడిని పట్టుకుని మెడ కింద కుడివైపు, రొమ్ము పైభాగాన వేళ్ళతో తడమండి. అదే మేత సంచి. రాత్రి నిండుగా ఉన్నది పొద్దుటికి ఖాళీ కావాలి. గట్టి ఉండలాగో, నీళ్ళ తిత్తిలాగో తగిలితే మిగులు మొత్తం ఆపేయండి. మంచినీళ్ళు అందుబాటులో ఉంచండి. సాయంత్రానికీ తగ్గకపోతే పశువుల డాక్టరుకు చూపించండి. తలకిందులుగా పట్టుకుని కక్కించే సాహసం మాత్రం చేయకండి, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.