హామక్ తాడు తెగడం అరుదు, జారడమే ఎక్కువ: చలికాలపు క్యాంపింగ్‌కు ముందు జాగ్రత్తలు

వానలు తగ్గి కార్తీకం దగ్గరపడేసరికి అరకు, లంబసింగి, మారేడుమిల్లి, వికారాబాద్ అనంతగిరి వైపు బయలుదేరేవారి సామానులో ఇప్పుడు గుడారంతో పాటు, రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే హామక్ కూడా ఉంటోంది. చూపుకు అది మన ఇళ్లలో దూలానికి కట్టే చీర ఉయ్యాలకు పెద్దన్న లాంటిదే. అయితే చీర ఉయ్యాల నిలువుగా వేలాడుతుంది కాబట్టి బిడ్డ బరువు ఎంతో దూలం మీద పడే భారమూ అంతే. హామక్ అడ్డంగా సాగి ఉంటుంది కాబట్టి అందులో పడుకున్న మనిషి బరువు కంటే తాళ్ల మీద పడే లాగుడు చాలా ఎక్కువ కావచ్చు. ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ. హామక్ గుడ్డ ఏ రంగుదైనా, ఏ ధరదైనా పెద్దగా చిక్కు లేదు. దానినీ చెట్టునూ కలిపే, పొడవు సర్దుకోగల తాళ్ల దగ్గరే జాగ్రత్త అంతా ఉంది. నేను చూసినంతలో తాడు తెగి పడినవారు తక్కువ. తాడు జారి పడినవారు, కట్టిన ఆధారం లొంగిపోయి పడినవారు ఎక్కువ.

ముందుగా లాగుడు లెక్క తెలుసుకోవాలి. 80 కిలోల మనిషి హామక్‌లో పడుకున్నప్పుడు రెండు వైపుల తాళ్లూ అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద దాదాపు 80 కిలోల లాగుడు పడుతుంది. వాలు 45 డిగ్రీలు ఉంటే అది 57 కిలోలకు దిగుతుంది. అదే వాలు 15 డిగ్రీలకు తగ్గితే 155 కిలోలు, 10 డిగ్రీలైతే 230 కిలోలు, 5 డిగ్రీలైతే 460 కిలోలు అవుతుంది. మనిషి బరువు మారలేదు, తాడు మారలేదు, బిగింపు మాత్రమే మారింది. హామక్‌ను నులక మంచంలా బిగించి కడితే నడుముకు సుఖంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా బిగించినప్పుడే గుడ్డ రెండు పక్కలా ముడుచుకుని భుజాలను నొక్కుతుంది, తాడు మీద భారమూ అయిదారు రెట్లవుతుంది. అరటిపండు వంపులా కిందికి దిగిన హామక్‌లో ఏటవాలుగా పడుకుంటేనే వీపు చదునుగా ఉంటుంది.

30 డిగ్రీలను అంచనా వేయడానికి పరికరమేమీ అక్కరలేదు. బొటనవేలిని నిలువుగా, చూపుడువేలిని అడ్డంగా చాపి, ఆ రెండు వేళ్ల కొనలనూ కలిపే గీతను ఊహించుకుంటే, అడ్డంగా ఉన్న వేలికి ఆ గీత ఉండే వాలే సుమారుగా మనకు కావలసిన వాలు. 11 అడుగుల హామక్‌కు 12 నుంచి 15 అడుగుల ఎడంలో ఉన్న చెట్లు అనుకూలం. 15 అడుగుల ఎడంలో చెట్టుకు చుట్టే పట్టీని దాదాపు ఆరడుగుల ఎత్తున కడితే కూర్చునే చోటు కుర్చీ ఎత్తుకు వస్తుంది. ఎడం మరో 2 అడుగులు పెరిగితే అదే వాలు నిలవడానికి పట్టీని సుమారు 7 అంగుళాలు పైకి జరపాలి. చేయి అందదని పట్టీని కిందనే ఉంచి తాడును బిగించడం ఇక్కడ జరిగే మామూలు తప్పు. కొందరు హామక్ రెండు కొసల మధ్య పైన ఒక సన్నని తాడు కట్టి, దాని పొడవును హామక్ పొడవులో 83 శాతం దగ్గర స్థిరంగా ఉంచుతారు. 11 అడుగుల హామక్‌కు అది 9 అడుగులకు కాస్త పైన ఉంటుంది. మీరు లోపల పడుకుని ఆ తాడును రెండు వేళ్లతో నొక్కితే కొద్దిగా వంగాలి. అది వీణ తీగలా గట్టిగా నిలిస్తే బయటి తాళ్లు మితిమీరి బిగిశాయని అర్థం.

ఇక కొనుగోలు. పొడవు సర్దుకునే ఏర్పాట్లు మార్కెట్లో ముఖ్యంగా మూడు రకాలు. వరుసగా కన్నాలు కుట్టిన పట్టీ మొదటిది. కావలసిన కన్నానికి కొక్కెం తగిలిస్తే చాలు, జారడానికి ఏమీ ఉండదు, కానీ కన్నానికీ కన్నానికీ మధ్య ఉన్న అంగుళాలు మీ చేతిలో ఉండవు. లోహపు బకిల్‌లోంచి పట్టీని లాగి బిగించేది రెండోది. వూపీ స్లింగ్ అని పిలిచే, తాడులోకే తాడును దూర్చి చేసిన సన్నని ఏర్పాటు మూడోది. మొదటిసారి వెళ్లేవారికి, పిల్లలతో వెళ్లేవారికి కన్నాల పట్టీయే మంచిదని నా అభిప్రాయం. సంచిలో ప్రతి గ్రామూ లెక్కపెట్టుకుని కొండలెక్కేవారు వూపీ స్లింగ్ జోలికి వెళ్లవచ్చు గానీ, ఇంటి దగ్గర పదిసార్లు కట్టి విప్పిన తరువాతే అడవికి తీసుకెళ్లాలి.

దేనితో చేశారన్నది కూడా చూడాలి. నైలాన్ సాగుతుంది, తడిస్తే మరింత సాగుతుంది. రాత్రి మంచు పట్టిన నైలాన్ పట్టీతో కట్టిన హామక్ తెల్లవారేసరికి జానెడు కిందికి దిగి ఉంటుంది. ఇనుప కొట్టులో రంగురంగులుగా దొరికే పాలీప్రొపిలీన్ తాడు బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. ఎండకు త్వరగా పెళుసెక్కే గుణం ఉన్నందువల్ల మనిషి బరువుకు దాన్ని నమ్మకూడదు. చెట్టుకు చుట్టే పట్టీకి పాలియెస్టర్ సరైనది. వూపీ స్లింగ్‌కు వాడేది అధిక బలం గల పాలిథిలిన్ నూలుతో అల్లిన బోలు తాడు. ఓడలను రేవుకు కట్టడానికి ఉక్కు తీగల తాళ్ల స్థానంలో వాడే తాళ్లను కూడా ఈ నూలుతోనే చేస్తారు, డైనీమా అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. ఈ నూలుతోనే 12 పేటలతో అల్లిన ఆమ్‌స్టీల్ బ్లూ అనే రకం తాడు 7/64 అంగుళం, అంటే 3 మిల్లీమీటర్ల లోపు మందంలోనే సుమారు 1,600 పౌండ్లు, 700 కిలోల పైన, లాగితే గానీ తెగదు. వినడానికి చాలా పెద్ద అంకె. అయితే అది సరికొత్త తాడును తిన్నగా లాగినప్పటి అంకె. దూర్పు దగ్గర, మడత దగ్గర ఆ బలం తగ్గుతుంది. అందువల్ల తాడు మీద పడే లాగుడుకు కనీసం అయిదు రెట్ల బలం ఉండేలా చూసుకోవాలి. పెట్టె మీద 500 కిలోలు అని అచ్చువేసి ఉంటే అది తెగే బరువా, వాడదగిన బరువా, ఒక్క పట్టీదా, రెండూ కలిపా అని అడగండి. జవాబు రాకపోతే ఆ సరుకును అక్కడే వదిలేయవచ్చు.

వూపీ స్లింగ్ ఎలా పట్టుకుంటుందో తెలిస్తే ఎందుకు జారుతుందో కూడా తెలుస్తుంది. వెల్లుల్లిపాయలు అమ్మే వల సంచిని రెండు కొసలా పట్టి లాగండి, సన్నబడి లోపలున్న దాన్ని బిగించేస్తుంది. రెండు కొసలనూ దగ్గరికి నెట్టండి, ఉబ్బి వదులవుతుంది. బోలు తాడు అల్లికా ఇంతే. తాడు కొసను అదే తాడు మధ్యలోకి అయిదారు అంగుళాల పొడవున దూర్చి మరోవైపు బయటికి తీస్తారు. బయట ఉన్న భాగాన్ని ఒర అనుకుందాం. బరువు పడగానే ఒర సన్నబడి లోపలి తాడును కరిచి పట్టుకుంటుంది, బరువు తీసి ఒరను కుచ్చులుగా నెడితే లోపలి తాడు హాయిగా కదులుతుంది. కొసను లాగితే హామక్ పైకి వస్తుంది, ఒరను నెట్టి లోపలి తాడును వదిలితే కిందికి దిగుతుంది.

తిరకాసు అంతా వదిలిన తరువాతే. నేను మొదటిసారి వూపీ స్లింగ్ కట్టిన రాత్రి, చీకట్లో ఒక వైపు రెండు జానలు వదులుచేసి, కూర్చుని చూసి, బాగానే ఉందని పడుకున్నాను. తెల్లవారుజామున వీపుకు చల్లటి ఆకులు తగిలి మెలకువ వచ్చింది. టార్చి వేసి చూస్తే ఒర మధ్యలో వేలి కణుపంత ఉబ్బు అలాగే మిగిలి ఉంది. ఒర పొడవులో సగమే లోపలి తాడును పట్టుకుంది, మిగతా సగం కుచ్చుగా నిలబడిపోయింది. నేను పక్కకు తిరిగిన ప్రతిసారీ తాడు కాస్త కాస్తగా జారుతూ వచ్చింది. కాబట్టి పొడవు మార్చిన ప్రతిసారీ, లోపలి తాడు దూరిన చోటును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో, చూపుడువేలితో ఒరను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆవు పొదుగు పితికినట్లు నిమిరి చదును చేయాలి. వేళ్లకు ఎక్కడా ఉబ్బు తగలకూడదు. ఆ తరువాతే బరువు వేయాలి. ఒర మరీ పొట్టిగా ఉన్న స్లింగ్ కొనకూడదు. కొస మొత్తం ఒరలోంచి బయటికి వచ్చేయకుండా దాని చివర ముడి గానీ కుట్టు గానీ ఉందో లేదో చూసుకోవాలి.

వూపీ స్లింగ్ నూలుకు నున్నదనం ఎక్కువ. కొబ్బరి పీచు తాడుకు, పత్తి తాడుకు అలవాటుపడిన మన చేతులు వేసే మామూలు ముళ్లు దీని మీద నిలవవు, నిలిచినా తాడు బలాన్ని సగానికి పైగా తినేస్తాయి. వూపీ స్లింగ్‌కు తన ఒర పొడవును బట్టి ఒక కనీస పొడవు ఉంటుంది, అంతకంటే కురచ కాదు. చెట్లు మరీ దగ్గరగా ఉన్నప్పుడు కొందరు మిగిలిన తాడును మడిచి ముడివేసి సర్దుకుంటారు. సరిగ్గా ఆ ముడే జారుతుంది. అలాంటప్పుడు పట్టీని చెట్టు చుట్టూ మరో రెండు చుట్లు తిప్పండి, లేదా వేరే చెట్లు చూసుకోండి. బకిల్ రకం వాడేవారు ఆ బకిల్‌కు తయారీదారు చెప్పిన వెడల్పు, మందం ఉన్న పట్టీనే వాడాలి. తడిసిన పట్టీ బకిల్‌లో మెల్లగా జారే అవకాశం ఉన్నందువల్ల, వదులు కొసతో బకిల్‌ను ఆనుకుని లాగితే ఊడే ముడి ఒకటి అదనంగా వేసుకోవాలి.

స్లింగ్‌ను పట్టీకి కలిపే చోట కొక్కెం వాడితే, అది తాళంచెవుల గుత్తికి వేసుకునే అల్యూమినియం ముక్క కాకూడదు. మీద బలం అంకె చెక్కి ఉన్న, కొండలెక్కేవారు వాడే కారబైనర్ కావాలి. అది నిలువు పొడవునే బరువు మోయాలి, దాని తలుపు పూర్తిగా మూసుకుని ఉండాలి. కొక్కేనికి బదులు పట్టీలో ఒక ముడివేసి, ఆ ముడిలో చిటికెనవేలంత కొయ్యముక్క దూర్చి, స్లింగ్ చివర ఉండే ఉచ్చును, అంటే కన్నును, దానికి తగిలించే పద్ధతి కూడా ఉంది. ఆ కన్ను కొయ్యముక్కను దాటి, ముడికి వెనక, చెట్టు వైపున పట్టీ చుట్టూ కూర్చోవాలి. బరువు మోయవలసింది ముడి. కొయ్యముక్క ముడి విడిపోకుండా కాపలా కాయడానికే. కన్ను నేరుగా కొయ్య మీద వేలాడితే కొయ్య విరిగినా, జారినా మనిషి నేల మీద ఉంటాడు.

సన్నని తాడును ఎప్పుడూ నేరుగా చెట్టుకు చుట్టకూడదు. అది బెరడును కోసి, బెరడు కిందనే ఉండే జీవపు పొరను నలిపేస్తుంది. పట్టీ కనీసం అంగుళం వెడల్పు ఉండాలి, మెత్తని బెరడుకు రెండంగుళాలు మేలు. చెట్టు మొదలు కనీసం ఆరంగుళాల మందం, వీలైతే ఎనిమిది దాటి ఉండాలి. చింత, వేప, మామిడి, మద్ది లాంటి గట్టి చెట్లు నమ్మదగినవి. మునగ చెట్టెక్కించడం అన్న మాట మనవాళ్లు ఊరికే పుట్టించలేదు. మునగ, తురాయి లాంటి పెళుసు చెట్లకు దూరంగా ఉండాలి. కొబ్బరి, తాటి చెట్లకు మొదలు గట్టిదే అయినా పైనుంచి కాయలూ మట్టలూ రాలతాయి. అరకులో కాఫీ తోటల నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరుసగా ఊరిస్తుంటాయి, వాటి మీద పాకిన మిరియాల తీగ రైతు జీవనాధారం. అడగకుండా పట్టీ చుట్టకండి. రిజర్వు అడవిలో రాత్రి బసకు అటవీ శాఖ అనుమతి ఉండాలి. చెట్టు ఎంచుకున్నాక తల పైకెత్తి చూడాలి. తుపాను గాలికి విరిగి కిందపడకుండా కొమ్మల్లో చిక్కుకున్న ఎండుకొమ్మ, హామక్‌లో మనిషి కదలగానే వచ్చే చిన్న ఊపుకే రాలవచ్చు.

ఇటుక స్తంభం, గేటు దిమ్మ, ప్రహరీ గోడ, కాంక్రీటు కంచె రాయి మనిషి బరువును కిందికి మోయగలవు గానీ పక్కకు లాగితే నిలవవు. 30 డిగ్రీల వాలులో కూడా 80 కిలోల మనిషి వల్ల దాదాపు 70 కిలోల బలం స్తంభం పైభాగాన్ని పక్కకు లాగుతుంది. అలా లాగిన స్తంభం పడేది హామక్‌లో ఉన్నవారి మీదకే. ఈ విషయంలో నాకు మినహాయింపులు లేవు: లోపల ఉక్కు కడ్డీలతో పునాదిలోకి దిగిందని ఇంజనీరు చెప్పని స్తంభానికి హామక్ కట్టవద్దు.

కట్టిన తరువాత ముందు చేతులతో లాగి, తరువాత హామక్ మధ్యలో గుడ్డను రెండు చేతులతో కిందికి నొక్కి, ఆపైన నెమ్మదిగా కూర్చోవాలి. ఒక నిమిషం ఆగి లేచి, ఒర దగ్గర తాడు కదిలిందేమో చూడాలి. ఒర అంచు దగ్గర పెన్నుతో ఒక గీత పెట్టుకుంటే కదలిక ఇట్టే తెలుస్తుంది. కూర్చునే చోటు నేలకు 45 సెంటీమీటర్లు మించకూడదు, కింద రాళ్లు, మొద్దులు ఉండకూడదు. గెంతి ఎక్కడం, ఊయలలా ఊగడం, ఒకదాని మీద ఒకటిగా రెండు మూడు హామక్‌లు కట్టడం, ఫొటో కోసం నలుగురు కూర్చోవడం వద్దు. ఊగినప్పుడు తాడు మీద తాడు రాసుకుంటుంది. వూపీ స్లింగ్ నూలు సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, కాబట్టి రాపిడి వేడి కూడా దానికి శత్రువే. చలిమంట నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, అందువల్ల మంటను గాలి వెళ్లే దిక్కున, హామక్‌కు దూరంగా వేసుకోవాలి. ఉరుములు వినబడితే హామక్ విప్పే పని కూడా పెట్టుకోకుండా చెట్ల కింద నుంచి కారులోకో పక్కా భవనంలోకో వెళ్లాలి.

తిరిగి వచ్చాక తాడును మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, అంగుళం అంగుళం వేళ్ల మధ్య నడిపి చూడాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు మోకును చేత్తో తడిమి చూసుకున్నట్లే ఇదీ. పైన సన్నని నూగు లేవడం మామూలే. గట్టిపడి మెరిసే మచ్చ, కరిగి అతుక్కున్న పోగులు, 12 పేటల్లో ఒక్కటి తెగినా ఆ స్లింగ్ పని అయిపోయినట్లే. దాన్ని పారేసే ముందు పదునైన బ్లేడుతో మూరెడు ముక్కలుగా కోయండి, ఇంటి కత్తెరకు ఆ నూలు లొంగదు. పైకి కొత్తదానిలాగే కనిపించే ఆ తాడును ఎవరైనా ఏరుకుని పిల్లల ఉయ్యాలకు కట్టే అవకాశం ఉంది.